పాయింట్ల గడి చివర చూడండి: ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు ముందు కాలేజీ ఆటగాణ్ని అంచనా వేయడం ఎలా?

2011 జనవరి 26. అమెరికాలో యూటా రాష్ట్రంలోని ప్రోవో పట్టణం. కాలేజీల మధ్య బాస్కెట్‌బాల్ ఆట. అప్పటిదాకా ఆడిన ఇరవై ఆటల్లోనూ ఓటమి ఎరగని శాన్ డియాగో స్టేట్ జట్టు మీద బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ కుర్రవాడు జిమ్మర్ ఫ్రెడెట్ ఒక్కడే 43 పాయింట్లు చేశాడు. అతని జట్టు 71-58తో గెలిచింది. మర్నాడు ఎవరిని కదిపినా జిమ్మర్ మాటే. ఓడిన జట్టులో రెండో ఏడాది చదువుతున్న కవాయ్ లెనార్డ్ అనే కుర్రవాడు ఉన్నాడని గుర్తుంచుకున్నవాళ్లు తక్కువ.

ఆ జూన్‌లో డ్రాఫ్ట్ జరిగింది. అమెరికా వృత్తి లీగు ఎన్‌బీఏలోని జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం అది. అందులో జిమ్మర్ పదో స్థానంలో, కవాయ్ పదిహేనో స్థానంలో ఎంపికయ్యారు. ఎన్‌బీఏలో జిమ్మర్ సగటు ఆటకు 6 పాయింట్ల దగ్గర ఆగిపోయింది. కవాయ్ 2014లో, 2019లో రెండు వేర్వేరు జట్లకు ఆడుతూ ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. ఆ రోజు ప్రోవోలో ఇద్దరూ ఒకే కోర్టు మీద ఉన్నారు. చూసేవాళ్ల కళ్లే బంతి వెంట పరుగెత్తాయి. నా కళ్లు కూడా.

ఆ తర్వాత నేను పాటిస్తూ వచ్చిన పద్ధతి ఇది. జట్ల దగ్గర పనిచేసే నిపుణులకు ఉండే వసతులు మనకు లేవు. ఒక నోటుబుక్కు, ఇంటర్నెట్, కాస్త ఓపిక ఉంటే చాలు. ఒక్కో ఆటగాడికి ఒక పేజీ కేటాయించండి. పేజీ పైన పేరు రాయండి. పాయింట్ల సగటు మాత్రం ఇప్పుడే రాయవద్దు.

పేరు పక్కన పుట్టినతేదీ

అన్నిటికన్నా ముందు నింపవలసిన గడి ఇదే. డ్రాఫ్ట్‌కు రావాలంటే ఆ క్యాలెండరు సంవత్సరంలో కనీసం 19 ఏళ్లు నిండాలి. అమెరికాలో చదివినవాడైతే తన తరగతి హైస్కూలు ముగించి ఒక ఏడాది గడవాలి. 2006 డ్రాఫ్ట్ నుంచి ఇదే నియమం. అందుకే మొదటి ఏడాది ఆడి వచ్చే పంతొమ్మిదేళ్ల పిల్లవాడు, నాలుగేళ్లు ఆడి వచ్చే ఇరవై మూడేళ్ల యువకుడు ఒకే జాబితాలో పక్కపక్కనే కనిపిస్తారు. ఇరవై మూడేళ్లవాడు తనకన్నా చిన్నవాళ్లను భుజబలంతో పక్కకు నెట్టి చేసిన పాయింట్లకు, పంతొమ్మిదేళ్లవాడు తనకన్నా పెద్దవాళ్ల మీద చేసిన పాయింట్లకు ఒకే విలువ కట్టకూడదు.

2011 డ్రాఫ్ట్ రోజున జిమ్మర్‌కు 22 ఏళ్ల నాలుగు నెలలు. కవాయ్‌కి 20 ఏళ్లు నిండడానికి ఇంకా ఆరు రోజులు ఉంది. మధ్యలో రెండేళ్ల నాలుగు నెలలు. ఆ వయసులో అది చాలా పెద్ద తేడా. ఇంకా పెరగవలసిన ఆట ఎవరి దగ్గర ఎక్కువ ఉందో ఈ ఒక్క లెక్కే సగం చెప్పేస్తుంది.

వయసు ఎక్కువైనవాణ్ని కొట్టిపారేయమని కాదు. అదే 2011లో మొదటి రౌండు చివర, 30వ స్థానంలో ఎంపికై తర్వాత ఎన్‌బీఏ స్టార్ అయిన జిమ్మీ బట్లర్ ముందు ఒక జూనియర్ (రెండేళ్ల) కాలేజీలో ఒక ఏడాది, తర్వాత మార్కెట్ (Marquette) యూనివర్సిటీలో మూడేళ్లు ఆడి వచ్చినవాడే. పెద్ద వయసువాడిలో ఏటేటా ఏం మారిందో చూడండి. ఏమీ మారకపోతే ఇకపై మారుతుందని ఆశ పెట్టుకోవడానికి ఆధారం ఉండాలి కదా!

ఈమధ్య ఈ లెక్క కొంచెం చిక్కుపడింది. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చు. దాంతో తొందరపడి డ్రాఫ్ట్‌కు రాకుండా కాలేజీలోనే మరో ఏడాది ఉండేవాళ్లు పెరిగారు. ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారడమూ తేలికైంది. అందుకని పుట్టినతేదీ కింద ఎన్ని జట్లకు, ఎందరు కోచ్‌ల కింద ఆడాడో కూడా రాసుకోండి.

ఆట మారితే లెక్క మారుతుంది

కాలేజీ ఆట, ఎన్‌బీఏ ఆట చూడటానికి ఒకటే. కోర్టు పొడవు, వెడల్పు కూడా ఒకటే. కానీ కాలేజీలో ఆట 40 నిమిషాలు, ఎన్‌బీఏలో 48. కాలేజీలో షాటు వేయడానికి 30 సెకన్లు ఇస్తారు, ఎన్‌బీఏలో 24. కాలేజీ పురుషుల ఆటలో మూడు పాయింట్ల గీత (దాని అవతల నుంచి వేసిన షాటుకు మూడు పాయింట్లు) రింగు నుంచి 22 అడుగుల 1¾ అంగుళాల దూరంలో ఉంటుంది. ఎన్‌బీఏలో ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు, మూలల్లో 22 అడుగులు. జిమ్మర్, కవాయ్ ఆడిన రోజుల్లో కాలేజీ గీత ఇంకా దగ్గర, 20 అడుగుల 9 అంగుళాలే.

వీటన్నిటికన్నా ముఖ్యమైన తేడా ఒకటుంది. ఎన్‌బీఏలో కాపు కాసేవాడు ప్రత్యర్థి ఎవరినీ దగ్గరుండి కాయకుండా రింగు కింద మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. కాలేజీలో ఆ నియమం లేదు. పొడవాటి ఆటగాణ్ని రింగు కింద స్తంభంలా నిలబెట్టి, మిగతావాళ్లు తలా ఒక చోటు కాచుకునే జోన్ పద్ధతి అక్కడ చక్కగా చెల్లుతుంది. సిరక్యూస్ కాలేజీ జట్టు జిమ్ బోహైమ్ కోచ్‌గా ఉన్న రోజుల్లో 2-3 జోన్‌నే (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు) ఇంటిపేరుగా చేసుకుంది. అలాంటి జట్టు నుంచి వచ్చినవాడు ఎదుటి మనిషికి మనిషిగా నిలిచి ఎలా కాస్తాడో చెప్పడానికి మీ దగ్గర సాక్ష్యం తక్కువ ఉంటుంది. ఆ గడిలో ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. తెలియనిదాన్ని బాగుందనో, బాగా లేదనో రాసుకోవడం మొదటికే మోసం.

ఇప్పుడు అంకెలు

ఆటకు ఇన్ని పాయింట్లు అన్న సగటును ఇంకా పక్కనే ఉంచండి. అది ఆటగాడి గురించి చెప్పేదానికన్నా, కోచ్ అతనికి ఎన్ని నిమిషాలు, ఎన్ని షాట్లు ఇచ్చాడో ఎక్కువ చెబుతుంది. తర్వాత ఎన్‌బీఏ స్టార్ అయిన డెవిన్ బుకర్ 2014-15లో కెంటకీ జట్టుకు ఆడినప్పుడు ఒక్క ఆటలోనూ ఆట మొదలుపెట్టే మొదటి అయిదుగురిలో లేడు. సగటు 10 పాయింట్లు. ఆ జట్టు నిండా ఎన్‌బీఏకు వెళ్లగలిగినవాళ్లే ఉండటంతో వచ్చిన నిమిషాలను అందరూ పంచుకోవలసి వచ్చింది. ఆ పదే చూసి అతన్ని దాటిపోయిన జట్లు ఇప్పటికీ నాలుక కరుచుకుంటూనే ఉంటాయి.

మొదట నిమిషాలను సరిచేయండి. 24 నిమిషాల్లో 12 పాయింట్లు చేసినవాడు 40 నిమిషాల లెక్కన 20 చేసినట్టు. 36 నిమిషాల్లో 16 చేసినవాడు 18 దాకా కూడా రాడు. అసిస్టులు (తోటివాడి షాటుకు దారితీసిన పాసులు), రీబౌండ్లు (తప్పిన షాటు తర్వాత అందుకున్న బంతులు), పోగొట్టిన బంతులు అన్నీ ఇదే కొలతకు తెచ్చి రాసుకోండి.

తర్వాత చూడవలసింది, ఆ పాయింట్లకు ఎంత ఖర్చయిందని. దీనికి ట్రూ షూటింగ్ అనే లెక్క ఉంది. ఫ్రీ త్రో అంటే ఫౌలు జరిగాక ఎవరూ అడ్డు రాకుండా వేసే ఒక పాయింటు షాటు. పడినవీ పడనివీ కలిపి వేసిన ఫ్రీ త్రోలను 0.44తో గుణించి, అలాగే వేసిన మొత్తం షాట్లకు కలపండి. వచ్చినదాన్ని రెట్టింపు చేసి, దానితో పాయింట్లను భాగించండి. ఒకడు 15 షాట్లు, 5 ఫ్రీ త్రోలతో 20 పాయింట్లు చేశాడనుకుందాం. అతని లెక్క 58 శాతం. ఇంకొకడు 19 షాట్లు, 4 ఫ్రీ త్రోలతో అదే 20 చేస్తే 48 శాతం. పేపర్లో ఇద్దరికీ ఇరవై అనే వస్తుంది. రెండోవాడు మాత్రం తన జట్టు సొమ్ము దుబారా చేశాడు. ఈ లెక్కను యూసేజ్‌తో, అంటే జట్టు దాడుల్లో ఎన్నోవంతు ఇతని చేతిలో ముగిశాయన్న అంకెతో కలిపి చదవాలి. తక్కువ షాట్లు వేసేవాడికి శాతం బాగుండటం పెద్ద గొప్పేమీ కాదు. భారమంతా మోస్తూ కూడా 58 దగ్గర నిలబడినవాడు దొరికితే ఆ పేజీ మడిచి గుర్తు పెట్టుకోండి.

మూడు పాయింట్ల షాట్ల శాతం దగ్గర కొత్తవాళ్లందరూ బోల్తా పడతారు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. షూటింగుకు అది పనికిరాదు. సీజనంతా కలిపి 60 షాట్లు వేసినవాడికి 20 పడితే 33 శాతం, 24 పడితే 40 శాతం. నాలుగంటే నాలుగే బంతులు రింగు మీద ఏ వైపుకు దొర్లాయన్నదాని మీద ఒకడు మామూలువాడు, ఇంకొకడు గురి తప్పనివాడు అయిపోతాడు. అందుకే ఫ్రీ త్రో శాతాన్ని తప్పకుండా దాని పక్కన రాయండి. ఎవరూ అడ్డు రారు, దూరం మారదు, చేతి నైపుణ్యం ఒక్కటే తేలుతుంది. కాలేజీలో ఫ్రీ త్రోలు బాగా వేసినవాడు, మూడు పాయింట్ల షాట్లు అంతంతమాత్రంగా వేసినా, తర్వాత దూరం నుంచి వేయడం నేర్చుకునే అవకాశం ఎక్కువ. దూరపు షాట్లు బాగుండి ఫ్రీ త్రోలు 60 శాతం దగ్గర ఉంటే అనుమానించండి.

కవాయ్ పేజీ ఇక్కడే తెరవాలి. కాలేజీలో అతని మూడు పాయింట్ల శాతం 30 కూడా దాటలేదు. ‘షాటు లేదు’ అన్నారు అందరూ. కానీ రెండో ఏడాది ఫ్రీ త్రోలు నాలుగింటికి మూడు చొప్పున వేశాడు. చేతిలో లోపం అంత లోతుగా లేదని ఆ అంకె చెబుతూనే ఉంది. శాన్ ఆంటోనియో జట్టు జార్జ్ హిల్ అనే నమ్మకస్తుడైన గార్డును (బంతి నడిపే ఆటగాణ్ని) ఇండియానాకు ఇచ్చి మరీ కవాయ్‌ని తెచ్చుకుని, చిప్ ఎంగెలాండ్ అనే షూటింగ్ కోచ్‌కు అప్పగించింది. మొదటి సీజనులోనే మూడు పాయింట్ల శాతం 37 దాటింది.

చివరగా స్టీల్స్ (లాక్కున్న బంతులు), బ్లాకులు (అడ్డుకున్న షాట్లు). ఈ రెండూ కలిపి 40 నిమిషాలకు ఎన్నో రాయండి. ఎదుటివాడి చేతిలోని బంతిని లాక్కోవాలంటే చురుకైన చేతులు, ముందుచూపు, కాళ్లలో వేగం మూడూ కావాలి. ఆ మూడూ పై స్థాయికి వెళ్లాక కూడా మనిషితోనే ఉంటాయి. గార్డులైతే అసిస్టులను పోగొట్టిన బంతులతో పోల్చి చూడండి. రింగుకు దగ్గరగా ఆడే ఫార్వర్డులైతే తన జట్టు తప్పిన షాట్లకు తనే ఎన్ని రీబౌండ్లు తెచ్చాడో చూడండి. దానికి ఎవరూ పథకం వేసి ఇవ్వరు, ఆకలి ఉన్నవాడే తెచ్చుకుంటాడు. కవాయ్ ఆ సీజనులో ఆటకు 10.6 రీబౌండ్లు తీశాడు. ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలే.

ఎవరి మీద?

రంజీల్లో పరుగుల వరద పారించినవాళ్లంతా టెస్టుల్లో నిలబడలేదని మనకు వేరే చెప్పాలా? కాలేజీ జట్లు మూడు వందలకు పైగా ఉంటాయి. నవంబరు, డిసెంబరు నెలల్లో పెద్ద జట్లు చిన్న జట్లను పిలిచి మరీ ఓడిస్తాయి. ఆ ఆటల్లో చేసిన ముప్పైలు తీసేస్తే ఎంత మిగులుతుందో చూడండి. కాలేజీ ఆటల అంకెలు ఇచ్చే బార్ట్ టోర్విక్ సైటులో ప్రత్యర్థి బలాన్ని బట్టి, తేదీలను బట్టి అంకెలు విడదీసుకోవచ్చు. మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంటు ఆటలను వేరుగా రాసుకోండి. కానీ అవే సర్వస్వం అనుకోవద్దు. మూడు ఆటలు మూడు ఆటలే.

చిన్న లీగు నుంచి వచ్చాడని తీసిపారేయడమూ పొరపాటే. తర్వాత ఎన్‌బీఏ మేటిగా ఎదిగిన స్టెఫెన్ కరీ ఆడిన డేవిడ్‌సన్ చిన్న కాలేజీ. 2008 టోర్నమెంటులో అతను గొంజాగా మీద 40, జార్జ్‌టౌన్ మీద 30, విస్కాన్సిన్ మీద 33 చేసి, ఆ ఏడాది విజేతగా నిలిచిన కాన్సస్ చేతిలో రెండు పాయింట్ల తేడాతో ఓడాడు. పెద్దవాళ్లు ఎదురుపడినప్పుడు అంకె తగ్గిందా, నిలబడిందా అన్నదే ప్రశ్న. ఇంత చూపించినా 2009లో అతని పేరు ఏడో స్థానం దాకా రాలేదు.

ఆట చూడటం

ఇంతవరకు ఒక గంట పని. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. రెండు నిమిషాల వీడియోలు చూడవద్దు, వాటిలో ప్రతివాడూ మైకేల్ జోర్డానే. గోరంతను కొండంత చేయడమే వాటి వృత్తి. ఒక్కో ఆటగాడివి మూడు పూర్తి ఆటలు ఎంచుకోండి: బాగా ఆడిన ఒకటి, ఘోరంగా ఆడిన ఒకటి, బలమైన ప్రత్యర్థి మీద ఆడిన ఒకటి. సమయం లేక ఒక్కటే చూడగలిగితే ఘోరంగా ఆడినదే చూడండి. షాట్లు పడనప్పుడు మనిషి ఇంకేం చేస్తాడో అందులోనే బయటపడుతుంది.

మొదటిసారి మామూలుగా చూసేయండి, సరదా తీరుతుంది. రెండోసారి బంతిని వదిలేసి అతన్ని మాత్రమే చూడండి. చెప్పినంత తేలిక కాదిది. టీవీ కెమెరా బంతి వెంటే తిరుగుతుంది, మన మెడ కూడా దాని వెంటే తిరుగుతుంది. పదేపదే ఆపి, వెనక్కి తిప్పి, అతను తెరలో ఎక్కడున్నాడో వెతుక్కోవాలి.

అప్పుడు నోటుబుక్కులో ఇవి రాయండి. బంతి అవతలి వైపు ఉన్నప్పుడు తన మనిషినీ బంతినీ రెండింటినీ చూస్తున్నాడా, ఒకదాన్నే చూస్తూ నిద్రపోతున్నాడా? షాటు వేయబోతున్నవాడి మీదికి వెళ్లేటప్పుడు చివరి రెండడుగులు చిన్నవిగా వేసి ఆగుతున్నాడా, ఒంటె పరుగులా దూసుకెళ్లి దాటిపోతున్నాడా? ప్రత్యర్థి అడ్డు నిలిచి తెర కట్టినప్పుడు దాన్ని చీల్చుకుని వస్తున్నాడా, అక్కడే ఇరుక్కుంటున్నాడా? బంతి తన చేతికి రాకముందే తర్వాత ఏం చేయాలో నిర్ణయించుకున్నాడా, వచ్చాక ఆలోచిస్తున్నాడా? నా మటుకు ఈ చివరి ప్రశ్నకే ఎక్కువ మార్కులు. ఎన్‌బీఏలో ఆలోచించుకోవడానికి దొరికే సమయం కాలేజీలో దొరికేదాంట్లో సగం కూడా ఉండదనిపిస్తుంది.

బంతి పోగొట్టుకున్న వెంటనే అయిదు సెకన్లు చూడండి. వెనక్కి పరుగెత్తాడా, చేతులు చాచి రిఫరీ వైపు చూశాడా? ఒకసారైతే ఎవరికైనా జరుగుతుంది. మూడు ఆటల్లో ఆరుసార్లు కనిపిస్తే రాసుకోండి.

ఇంతా చేశాక పేజీ మధ్యలో ఒకే ఒక్క వాక్యం రాయండి: ఇతని చేతికి బంతి ఇవ్వకపోతే ఏ పని చేసి కోర్టు మీద నిలబడతాడు? కోర్టు మీద ఒక్కో జట్టుకు అయిదుగురు, బంతి ఒకటే. ఎన్‌బీఏలో కొత్తగా చేరినవాడికి దాన్ని ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వరు. జిమ్మర్ షాటు అబద్ధం కాదు, ఎన్‌బీఏలోనూ దూరం నుంచి బాగానే వేశాడు. కానీ కాలేజీలో ఆటకు 28.9 పాయింట్లు రావడానికి బంతి ఎప్పుడూ అతని చేతిలో ఉండేది. అది పోయాక, కాపు కాయడంలో వెనకబడినవాడికి నిమిషాలు దొరకలేదు. కవాయ్‌కి తొలి ఏళ్లలో బంతి ఇవ్వకపోయినా అవతలి జట్టులో అందరికన్నా ప్రమాదకరమైనవాణ్ని కాసే పని ఉంది. 2014 ఫైనల్స్‌లో అవతలి జట్టు స్టార్ లెబ్రాన్ జేమ్స్‌ను కాసింది అతనే.

ప్రతి సూత్రానికీ తలదన్నేవాడు ఒకడుంటాడు. అదే డ్రాఫ్ట్‌లో ఆఖరిదైన 60వ స్థానంలో ఎంపికైన ఐజయా థామస్ ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలే. బంతి చేతిలో ఉంటేనే అతని ఆట. 2016-17లో బోస్టన్ జట్టు తరఫున అతని సగటు ఎంతో తెలుసా? 28.9. జిమ్మర్ కాలేజీ సగటు అంకెకు అంకె.

టేపు, వైద్యుడు

మే నెలలో చికాగోలో కంబైన్ పేరుతో ఆటగాళ్లను కొలుస్తారు. కాలేజీలు ప్రకటించే ఎత్తులను నమ్మవద్దు, అవి చాలావరకు బూట్లతో కలిపినవి. ఎత్తుకన్నా రెండు చేతులు చాచినప్పుడు కొన నుంచి కొనకు ఉండే పొడవు, నిలబడి పైకి చాచితే అందే ఎత్తు ముఖ్యం. తలతో ఎవరూ బంతిని ఆపరు. కవాయ్ చేతుల పొడవు 7 అడుగుల 3 అంగుళాలు. తర్వాత కాపు కాయడంలో మేటి అనిపించుకున్న డ్రేమండ్ గ్రీన్ 2012లో తన స్థానానికి పొట్టివాడన్న పేరుతో 35వ స్థానానికి జారాడు. అతని చేతులు 7 అడుగులు దాటాయన్న సంగతిని ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు.

ఎగిరే ఎత్తు, పరుగు వేగం అంకెలు ఆట చూసి రాసుకున్నదాన్ని సరిచూసుకోవడానికి మాత్రమే వాడండి. 2007లో కెవిన్ డ్యూరంట్ 185 పౌండ్ల బరువును ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు. దానివల్ల అతనికి వచ్చిన నష్టం ఏమీ లేదు.

గాయాల విషయంలో మనం చేయగలిగింది తక్కువ. వైద్య నివేదికలు జట్ల దగ్గరే ఉంటాయి. డ్యూరంట్ కన్నా ముందు, మొదటి స్థానంలో ఎంపికైన గ్రెగ్ ఓడెన్ మోకాళ్ల దెబ్బలతో ఎన్‌బీఏలో 105 ఆటలే ఆడగలిగాడు. తప్పిపోయిన ఆటలు ఎన్నో, ఏ కీలుకో రాసుకుని ముందుకు సాగండి. కైరీ అర్వింగ్ కాలి వేలి గాయంతో డ్యూక్ జట్టుకు 11 ఆటలే ఆడి 2011లో మొదటి స్థానంలో వెళ్లాడు. పదకొండు ఆటలతో అంచనా వేయవలసి వస్తే ధైర్యం తగ్గించుకుని వేయడమే పద్ధతి.

జాబితా

ఇప్పుడు పేజీలన్నీ ముందేసుకుని వరస పెట్టండి. ఒకటి, రెండు, మూడు అని కాకుండా మెట్లుగా విడదీయండి. జట్టుకు ఆధారమయ్యేవాళ్లు, రోజూ మొదటి అయిదుగురిలో ఉండగలవాళ్లు, ఒక్క పని మీద బతికేవాళ్లు, తేల్చలేనివాళ్లు. ఒకే మెట్టు మీదివాళ్లలో ఎవరు ముందన్నది జట్టు అవసరాన్ని బట్టి మారుతుంది, దాని కోసం తల పగలగొట్టుకోనవసరం లేదు. ఇది పూర్తయ్యేదాకా ఇతరుల అంచనా జాబితాలు తెరవవద్దు. ఒక్కసారి చూస్తే మీ కళ్లు వాళ్ల కళ్లయిపోతాయి. తర్వాత చూసి, పెద్ద తేడా ఉన్న పేర్ల దగ్గర ఆగి, ఆ ఆటలు మళ్లీ చూడండి. మార్చినా మార్చకపోయినా కారణం రాయండి.

డ్రాఫ్ట్ మొదటి రౌండు అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదికి మొదలైతే మనకు తెల్లవారుజాము అయిదున్నర. అలారం పెట్టుకునే ముందే నోటుబుక్కు మీద తేదీ వేసేయండి. ఆ రాత్రి ఎవరి జాబితా నెగ్గిందన్నది లెక్కలోకి రాదు. మొదటి రౌండు ఆటగాళ్లకు రెండేళ్ల ఒప్పందం ఖాయం, మూడు, నాలుగు ఏళ్లు జట్టు ఇష్టం. జట్లే రెండు మూడేళ్లు ఆగి తేల్చుకునేదాన్ని మనం ఒక రాత్రిలో తేల్చనక్కరలేదు. నోటుబుక్కు దాచి, మూడేళ్ల తర్వాత తీసి, తప్పిన పేజీల్లో ఏ గడి మోసం చేసిందో వెతకండి.

నా 2011 పుస్తకం ఇంకా ఉంది. జిమ్మర్ పేజీ రెండు వైపులా నిండిపోయి, అంచుల్లో కూడా రాసేశాను. కవాయ్ పేజీలో నాలుగు వరసలు. మూడో వరసలో ‘షాటు లేదు’ అని రాసి కింద గీత గీశాను. దాని పక్కనే ఫ్రీ త్రో శాతం రాయవలసిన గడి ఖాళీగా ఉంది.